కణితి తవ్వుకునే దొంగ బోదెలు



గుడివాడలో మన హాస్టల్లోనే ఏడేళ్ళు ఉండి చదువుకుని, ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. అందుకే మా మేనమామకు కాలేయ క్యాన్సర్ అని తేలినప్పుడు అందరూ నన్నే అడిగారు: "జబ్బు కాలేయంలో ఉంటే గజ్జల్లోంచి గొట్టం వేస్తామంటారేంట్రా?" నాకు తెలియలేదు. సిగ్గేసింది. ఆ సెలవుల్లో చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి. వాటిని రానివ్వకపోతే కణితి ఎదగదని బోస్టన్ సర్జన్ డాక్టర్ జుడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. చాలాకాలం ఎక్కువమంది నమ్మలేదు. కణితి వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీనును వదిలి పక్క నాళాల నుంచి కొమ్మలు మొలిపించుకుంటుంది. దివిసీమలో కాలువ లస్కరుగా పనిచేసిన మామయ్యకు ఈ మాట చెబితే, "గట్టుకు గండి కొట్టి దొంగ బోదె తీయడమన్నమాట" అన్నాడు. నా పుస్తకాల్లో ఇంత తేలిగ్గా లేదు.

ఆ ప్రోటీనును అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే సిరలోకి ఎక్కించిన మందు ఒళ్ళంతా తిరుగుతుంది. రక్తపోటు పెరగవచ్చు, గాయాలు త్వరగా మానవు, రక్తస్రావం కావచ్చు. ఒక్క దొంగ బోదె కోసం పులిగడ్డ అక్విడక్టు దగ్గరే నీళ్ళు ఆపేస్తే అవనిగడ్డ చేలన్నీ ఎండిపోవా?

కాబట్టి మందును కణితి దగ్గరికే చేర్చాలి. ఫోక్‌మన్ ప్రయోగశాలలో, కణాలు పెంచే పాత్రలో పొరపాటున చేరిన బూజు వల్ల టి.ఎన్.పి.-470 అనే మందుకు దారి దొరికింది. రోగులకిస్తే కొందరికి తల తిరగడం, అయోమయం వచ్చాయి. 2004లో దాన్ని ఒక పెద్ద పాలిమర్ అణువుకు అతికించారు. కణితి నాళాలు హడావిడిగా కట్టినవి, అన్నీ చిల్లులే. పెద్ద అణువు అక్కడే కారుతుంది, మెదడులోకి మాత్రం పోలేదు. ఎలుకల్లో ఇది బాగా పనిచేసింది. మనుషుల కణితులన్నీ అలా కారవు, అదే చిక్కు.

ఇక గజ్జల్లో గొట్టం సంగతి. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి ఎక్కువ రక్తం పోర్టల్ సిర ద్వారా వస్తే, కణితికి ప్రధానంగా ధమని నుంచి వస్తుంది. రెండు తూములు వేరన్నమాట! అందుకే తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని ఆ కొమ్మ దాకా పంపి, క్యాన్సర్ మందు వదిలి, కొమ్మను మూసేస్తారు. కానీ ఆకలి పడిన కణితి వి.ఇ.జి.ఎఫ్.ను ఇంకా ఎక్కువ వదులుతుంది, మళ్ళీ తవ్వడం మొదలుపెడుతుంది. ఆ తవ్వకాన్ని అడ్డుకునే మాత్రల్లో ఒకటి సొరాఫెనిబ్.

ఆ మాత్రలు ఒకప్పుడు నెలకు 2,80,428 రూపాయలు. 2012 మార్చి 9న హైదరాబాదు నాట్కో ఫార్మాకు 8,880 రూపాయలకు అమ్మేలా లైసెన్సు ఇచ్చారు. మన దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు అదే. మామయ్యకూ అవే రాశారు. ఈసారి చీటీ నేనే చదివి, ఏది దేనికో ఇంట్లో వాళ్ళకు చెప్పాను. ఆ తర్వాత ఆయన రెండు సార్వాలు చూశాడు.