తిరిగే డ్రమ్ములో గింజ ప్రయాణం

తొలకరి పడగానే ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో వేరుశనగ విత్తనానికి మందు పట్టించడం మీరు చూసే ఉంటారు. గింజలను డ్రమ్ములో పోసి, కిలోకు 3 గ్రాముల చొప్పున మాంకోజెబ్ పొడి వేసి, పిడి పట్టి తిప్పుతారు. మందు అంటని గింజ నేలలో బూజుపట్టి కుళ్ళవచ్చు. సాలులో ఆ చోట మొక్క రాదు. మరి డ్రమ్ము తిప్పినంత మాత్రాన ప్రతి గింజకూ మందు అంటుతుందా?

ఒక ప్రయోగం చేద్దాం. సుమారు 9 సెం.మీ. వ్యాసం గల గాజుసీసాలో సగానికి గింజలు పోయండి (మందు పట్టించనివి సుమా!). ఒక గింజకు నీలిసిరా పూసి, ఆరాక, అడుగు గాజుకు ఆనేలా వేయండి. మూతపెట్టి, సీసాను పడుకోబెట్టి మెల్లగా దొర్లిస్తూ అడుగువైపు నుంచి చూడండి. గాజు నున్నన కాబట్టి గింజలన్నీ కుప్పగా జారవచ్చు. అప్పుడు సీసా లోపలి గోడకు గరుకు కాగితం అంటించండి.

సిరా గింజ గోడనానుకొని, ఇరుగుపొరుగు గింజలతో కలిసి, కూర్చున్నది కూర్చున్నట్లే పైకి వస్తుంది. ఆపైన వాలుమీదుగా గబగబా జారిపోతుంది. ఇరుగుపొరుగు మారేది ఆ జారుడులోనే! కలిసే పనంతా పైనున్న పలుచని పొరలో జరుగుతుందన్నమాట.

ఇప్పుడు సీసాను ముప్పాతికకు పైగా నింపండి. నడిమి గింజలు ముద్దగా సీసాతోపాటు తిరుగుతాయే తప్ప ఆ పొరలోకి రావు. డ్రమ్ము నిండా పోస్తే నడిమి గింజలకు మందు సరిగా అందనిది ఇందుకే.

"వేగంగా తిప్పితే సరి కదా సార్?" అన్నాడు మా తరగతిలో ఒకడు. సరి కాదు. గింజను గోడవెంట తిప్పే త్వరణం గురుత్వ త్వరణాన్ని మించితే గింజలు గోడకు అతుక్కుపోతాయి, జారుడే ఉండదు. మీటరు వ్యాసమున్న డ్రమ్ముకు ఆ హద్దు నిమిషానికి సుమారు 42 చుట్లు. మన సీసాకు 141. 42.3ను మీటర్లలోని వ్యాసపు వర్గమూలంతో భాగించి చూడండి.

మందును నీళ్ళలో కలిపి పోస్తే ఇంకో చిక్కు. తడికి గింజలు అంటుకొని, వాలు నిటారై, పెళ్ళలుగా కూలుతాయి.

సీసా కాబట్టి చూశాం, అదీ గాజుకు ఆనిన గింజను మాత్రమే. ఇనుప డ్రమ్ము నడుమ ఉన్నదాన్ని చూడటమెలా? ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం వారు 1993లో ఒక పద్ధతిని ప్రకటించారు. ఒక్క రేణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 పట్టిస్తారు. దాన్నుంచి వెలువడే పాజిట్రాన్ దగ్గరలోని ఎలక్ట్రాన్‌తో కలిసి నశిస్తుంది. రెండు గామా కిరణాలు ఒకదానికొకటి ఎదురు దిశల్లో బయలుదేరి ఇనుమును దాటి వస్తాయి. అటూ ఇటూ ఉన్న పరికరాలు రెంటినీ పట్టుకుంటే రేణువు ఆ గీతమీద ఉన్నట్లే. అలాంటి గీతలు ఎన్నో కలిసేచోటే దాని ఉనికి. ఫ్లోరిన్-18 అర్ధజీవితకాలం సుమారు 110 నిమిషాలు. అందుచేత, రేణువు ఎన్ని చుట్లు తిరిగినా, లెక్కంతా కొద్ది గంటల్లో ముగించాల్సిందే.