కుట్టుపని ప్రారంభించేవారు ఏ సంఘంలో చేరాలి?

పాలడబ్బులతో కుట్టుమిషను కొన్నంత మాత్రాన గిరాకీ రాదు. నలుగురి నోటా మన పేరు పడాలి. అందుకు సంఘాలు తోడ్పడతాయి. అయితే కనబడిన ప్రతి సంఘంలోనూ చేరితే రాబడి చందాలకే చాలదు. చేరేముందు ఇవి గమనించండి.

1. ఎవరు వస్తారు? రవికలు కుట్టించేది స్త్రీలు. వారుండే పొదుపు సంఘమే మీకు దగ్గర.

2. ఎన్నిసార్లు కలుస్తారు? ఏడాదికొకసారి కలిసేవారికంటే పాలకేంద్రం వద్ద రెండుపూటలా కలిసేవారే మేలు.

3. అదే పనివారు ఎందరు? 1905లో చికాగోలో పుట్టిన రోటరీ క్లబ్బు మొదట్లో వృత్తికొకరినే చేర్చుకునేది. మన సంఘాల్లో ఆ నియమం లేదు. ఇద్దరుంటే రవికలొకరు, బడిపిల్లల బట్టలొకరు పంచుకోవచ్చు.

పాలకు వెన్నశాతం ఎలాగో, పనికి మాట అలాగ. చెప్పిన రోజుకు బట్ట ఇవ్వకపోతే ఆ కబురూ అదే సంఘంలో అంతే త్వరగా పాకుతుంది.