ప్రింటర్ పలకనప్పుడు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి చిన్నికి,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. కొత్త లాప్‌టాప్, నేనిచ్చిన పాత లేజర్ ప్రింటర్, మధ్యలో యూఎస్‌బి కేబుల్. పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం నుంచి ఆఫ్‌లైన్ అంటోందని, డ్రైవర్ తీసేసి మళ్లీ వేసీ వేసీ విసుగొచ్చిందని, పొలం 1బి కాగితం కోసం నీ షాపుకి వచ్చిన రైతు చూసిచూసి పక్క షాపుకి పోయాడని. ఫోన్లో అది నొక్కు, ఇది నొక్కు అని చెబితే ఒక చెవిన ఫోను, ఒక చేత మౌసు పట్టుకుని నీకు తల తిరిగిపోతుంది. అందుకే రాస్తున్నా. లాప్‌టాప్ ఎదురుగా పెట్టుకుని చదువు.

ముందుగా ఒకటి. ప్రింటర్ పలకలేదనగానే డ్రైవర్ మీద పడకు. పొద్దున పనిచేసిన డ్రైవర్ మధ్యాహ్నానికి ఊరికే చెడిపోదు. అది ఆఖర్న చూడాల్సిన సంగతి. అంతకంటే ముందు మాట ఎక్కడ తెగిందో కనిపెట్టాలి. తెర మీద వచ్చే ‘ఆఫ్‌లైన్’ ఆ చోటు చెప్పదు. తీగ తెగినా అదే రాస్తుంది, ప్రింటర్ స్విచ్ వెయ్యకపోయినా అదే రాస్తుంది.

కేబుల్ పెట్టగానే లాప్‌టాప్ ‘ఎవరు నువ్వు’ అని అడుగుతుంది. ప్రింటర్ తన ప్రవర చెప్పుకుంటుంది. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, నా పని ప్రింటింగ్ అని. కంపెనీలకి నంబర్లున్నాయి: హెచ్‌పీది 03ఎఫ్0, కేనన్‌ది 04ఏ9, ఎప్సన్‌ది 04బి8. ఈ ప్రవర పూర్తయ్యాకే విండోస్ డ్రైవర్‌ని వెతుకుతుంది, యూఎస్‌బి001 అని ఒక పోర్టు తయారుచేస్తుంది, ఆ పోర్టుకి ప్రింటర్ పేరుతో ఒక క్యూ తగిలిస్తుంది. ప్రవర దగ్గరే ఆగిపోయిన ప్రింటర్‌కి నువ్వెన్ని డ్రైవర్లు వేసినా దండగే, అవి దానిదాకా చేరవు.

ప్రవర చేరిందో లేదో తెలుసుకోవడానికి చెవి చాలు. లాప్‌టాప్ సౌండ్ పెంచి, ప్రింటర్ ఆన్‌లో ఉండగా కేబుల్ తీసి మళ్లీ పెట్టు. టింగుమని మోగాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరిచి, కళ్లతో కూడా చూసుకో. కేబుల్ పెట్టినప్పుడల్లా ఆ జాబితా ఒకసారి కదులుతుంది. అందులో ‘యూఎస్‌బి ప్రింటింగ్ సపోర్ట్’ కనబడితే ప్రవర వినబడినట్టే, ఇక కేబుల్ జోలికి పోనక్కర్లేదు. ‘అన్‌నోన్ యూఎస్‌బి డివైస్’ అని పసుపు గుర్తుతో వచ్చి, తెరిచి చూస్తే కోడ్ 43 ఉందంటే, ప్రింటర్ ఏదో గొణిగింది గానీ లాప్‌టాప్‌కి అర్థం కాలేదు. చప్పుడూ లేక, జాబితా కదలకుండా ఉంటే తీగలోనో, సాకెట్‌లోనో, ప్రింటర్ కరెంటులోనో తేడా. పక్క షాపు వాళ్ల దానిలా జిరాక్స్ కూడా తీసే మెషీన్ అయితే ఇంకో సులువుంది. కేబుల్ పీకేసి ఒక కాపీ తీసి చూడు. కాపీ వచ్చిందంటే మెషీన్ నిక్షేపంగా ఉన్నట్టు.

కేబుల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన షాపుల్లో ఎక్కువ రోగాలు అక్కడివే. నేను డీటీపీ మొదలుపెట్టిన రోజుల్లో డాట్ మ్యాట్రిక్స్‌కి అరచేయంత ప్లగ్గుండేది, రెండు వైపులా బిగించుకోవాలి. బిగించామంటే కదిలేది కాదు. 1996లో యూఎస్‌బి వచ్చాక ఆ బిగింపు పోయింది. ఇంటెల్‌లో దాన్ని తయారుచేసినవాళ్లలో అజయ్ భట్ అని మన దేశం నుంచి వెళ్లినాయనే ఉన్నాడు. ఎటు తిప్పి పెట్టినా పట్టేలా ఎందుకు చెయ్యలేదయ్యా అంటే, అలా చేస్తే తీగలూ సర్క్యూట్లూ రెట్టింపై ఖర్చు పెరిగేదని చెప్పాడు. చవగ్గా ఉండబట్టే కదా ఇవాళ నీ బల్ల మీదికి వచ్చింది. ఆయన్ని తిట్టుకోకు.

నీ ప్రింటర్ వెనక ఉండే చదరపు సాకెట్‌కి బిగింపేమీ లేదు. ఏళ్ల తరబడి తీసీ పెట్టీ, ఊడుస్తూ ప్రింటర్‌ని జరిపీ జరిపీ అది వదులైపోతుంది. ప్లగ్గుని వేలితో మెల్లిగా అటూ ఇటూ కదుపు. టింగుమని పోతూ వస్తూ ఉంటే దొంగ దొరికాడు. బల్ల కింద ఎలుకలు కొరికాయేమో కూడా చూడు, నవ్వకు, వానాకాలంలో ఇది మామూలే. యూఎస్‌బి 2.0 తీగ 5 మీటర్లకి మించకూడదు. మొన్న నువ్వు ప్రింటర్‌ని అటువైపు గోడకి జరిపి ఎక్స్‌టెన్షన్ తగిలించానన్నావు చూడు, అది తీసెయ్. పెద్ద ఫైలు పంపినప్పుడు సగంలో ఆగేది ఇలాంటి వాటివల్లే. అలాగే పెన్‌డ్రైవ్, మౌసు, వేలిముద్రల డివైస్ అన్నీ గుచ్చిన ఆ నాలుగు నోళ్ల హబ్‌లోంచి ప్రింటర్‌ని తీసి, సూటిగా లాప్‌టాప్‌కి పెట్టు. నీ లాప్‌టాప్‌కి ఒకవైపు సీ పోర్టే ఉంది కాబట్టి అడాప్టర్ కొనాల్సి వస్తే, డేటా కూడా వెళ్లేదేనా అని అడిగి మరీ కొను. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి కూడా అచ్చం అలాగే ఉంటాయి.

ఇక నీ కథలో నాకు అసలు అనుమానం ఎక్కడో చెబుతాను. మధ్యాహ్నం వేలిముద్రల డివైస్ కోసం కేబుల్ తీసి వేరే పోర్టుకి మార్చానన్నావు కదా? పాత ప్రింటర్లు చాలావరకు తమ సీరియల్ నంబర్ చెప్పవు. అంటే వంశం చెప్పి పేరు దాచినట్టు. పేరు లేదు గనక విండోస్ దాన్ని ఏ పోర్టులో ఉందో చూసి గుర్తుపెట్టుకుంటుంది. పోర్టు మార్చావంటే కొత్త ప్రింటర్ వచ్చిందనుకుని, పాత పేరు పక్కనే ‘కాపీ 1’ అని ఇంకోటి పెట్టేస్తుంది. నువ్వు పాత పేరు మీద ప్రింట్ కొడతావు, అది ఖాళీ పోర్టు వైపు చూస్తూ ఆఫ్‌లైన్ అంటుంది. కాగితం రావాల్సింది కొత్త పేరు నుంచి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోకి వెళ్లి ఒకే పేరు రెండుసార్లు ఉందేమో చూడు. ఉంటే, ఏది పలుకుతుందో టెస్ట్ పేజీ ఇచ్చి తేల్చుకుని, పలకనిదాన్ని తీసెయ్. లేదంటే పాతదాని ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అనే చోట టిక్కుని యూఎస్‌బి001 నుంచి 002కో 003కో మార్చు, అంతే. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోనే ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అని ఉంటుంది, దాన్ని ఆపెయ్. లేకపోతే చివరిసారి దేనికి ప్రింట్ ఇస్తే దాన్నే డిఫాల్ట్ చేస్తుంది, ఒక్కసారి పీడీఎఫ్‌గా సేవ్ చేశావో, ఆ తర్వాత కాగితాలకి బదులు ఫైళ్లు వస్తుంటాయి. క్యూ తెరిచి పైన ప్రింటర్ మెనూలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ కనబడితే, దానికి టిక్కుందేమో కూడా చూడు. చెయ్యి తగిలి పడుతుంటుంది.

ఆ తర్వాత రంగురంగుల స్టిక్కర్ ఒకటి రాసి లాప్‌టాప్‌కి ఆ పోర్టు పక్కనే అతికించు: ఈ కేబుల్ ఇక్కడే.

క్యూ ఇరుక్కుపోవడం వేరే జబ్బు. ‘డిలీటింగ్’ అని చూపిస్తూ గంటలు ఉండిపోతుంది. ప్రింట్‌కిచ్చిన పనులు డిస్క్ మీద ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి లాప్‌టాప్ ఆపి వేసినా అక్కడే కూర్చుంటాయి. సర్వీసెస్ అని వెతికి తెరిచి, ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చెయ్యి. సీ డ్రైవ్‌లో విండోస్, దానిలో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అని ఫోల్డర్ ఉంటుంది. లోపలి ఫైళ్లు మాత్రమే తీసెయ్, ఫోల్డర్‌ని ముట్టుకోకు. మళ్లీ స్పూలర్ స్టార్ట్ చెయ్యి. అన్నట్టు, ఆపి వేశానంటే షట్‌డౌనేనా? విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా డ్రైవర్లున్న స్థితిని దాచుకుని పొద్దున్న దాన్నే తిరిగి తెస్తుంది. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి.

భోజనానికి వెళ్లొచ్చేసరికి ప్రింటర్ మాయమవుతోందంటే అది లాప్‌టాప్ పొదుపు. ఎవరూ వాడట్లేదని పోర్టుకి కరెంటు తగ్గిస్తుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బి రూట్ హబ్ మీద పవర్ మేనేజ్‌మెంట్ టిక్కు తీసెయ్.

ఇవన్నీ అయ్యాకే డ్రైవర్. 64 బిట్ విండోస్‌కి 64 బిట్‌దే కావాలి. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే లాప్‌టాప్‌లకి మామూలు డ్రైవర్ పనికిరాదు, వాటికి వేరేగా రాయాలి, పాత ప్రింటర్లకి రాసేవాళ్లు అరుదు. విండోస్ 11లో ‘ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్’ ఆన్‌లో ఉన్నా కంపెనీ డ్రైవర్లు నడవవు. చాలా ప్రింటర్లకి ముందు సాఫ్ట్‌వేర్ వేసి, అది అడిగినప్పుడే కేబుల్ పెట్టాలి. కొత్తవాటికి సాకెట్ మీద అతికించిన కాగితం చెప్పేది అదే, అందరూ చదవకుండా పీకేస్తారు. చాలా షాపుల్లో ఇప్పటికీ తిరిగే లేజర్‌జెట్ 1020 అయితే మరీను. దాన్ని నడిపించే ప్రోగ్రామ్ దానిలో ఉండదు, ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటర్ నుంచే ఎక్కాలి. డ్రైవర్ లేని కంప్యూటర్‌కి తగిలిస్తే పాపం దానికి ఏమీ రాదు.

డ్రైవర్‌ని కంపెనీ సైటులోనే తీసుకో. గూగుల్‌లో ప్రింటర్ హెల్ప్‌లైన్ అని కనబడే నంబర్లకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసి, నీ తెర వాళ్ల చేతికివ్వకు. నీ లాప్‌టాప్‌లో ఊరందరి ఆధార్లూ పాస్‌బుక్కులూ ఉన్నాయి.

అప్పుడప్పుడు తప్పు విండోస్‌దే అవుతుంది, అదీ తెలిసి ఉండాలి. 2025 జనవరి అప్‌డేట్ తర్వాత కొన్ని యూఎస్‌బి ప్రింటర్లు ఎవరూ అడక్కుండానే పిచ్చి అక్షరాలతో కాగితాలు పోసేశాయి. పైన ‘పోస్ట్’ అని మొదలయ్యే వరస. ప్రింటర్‌కి పంపాల్సిన నెట్‌వర్క్ ఆదేశాన్ని అచ్చుకి పంపేసింది, అంతే, వైరస్ కాదు. తర్వాత వచ్చిన ఓ అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ సరిచేసింది. కస్టమర్ ముందు పరువు పోయిందన్నావు కదా. 1998లో షికాగోలో బిల్ గేట్స్ ఎదుటే విండోస్ 98 చూపిస్తూ ఓ స్కానర్ యూఎస్‌బి తీగ గుచ్చితే, జనం అందరి ముందూ తెర నీలమైపోయింది. నీ ముందున్నది ఒక్క రైతేగా.

ఆయన మళ్లీ వస్తే 1బిని పీడీఎఫ్‌గా దించి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, నువ్వే పక్క షాపులో తీయించి ఇవ్వు, లాభం చూసుకోకు. మార్చిలో హాల్ టికెట్ల రద్దీ మొదలవకముందే మీటరున్నర కేబుల్ మంచిది ఒకటి కొని డ్రాయర్‌లో పడెయ్. ఇన్ని చేసినా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తే వస్తుంటే, దాని మీద ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ తెరిచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. కంపెనీ నంబరు చోట అన్నీ సున్నాలైతే మాత్రం మెకానిక్‌కే చూపించాలి, బస్సులో వేసి పంపేద్దువుగాని.

ఖాళీ అయిన 12ఏ కార్ట్రిడ్జ్‌లు చెత్తలో పారేయకు, ఇక్కడ రీఫిల్ కుర్రాడు కొంటాడు. అక్కకి బీపీ మాత్రలు గుర్తుచెయ్.

ఇట్లు,
మీ పిన్ని