ఎర్రర్‌ని చివరిదాకా చదవండి

జుక్కల్‌లో ఇంటి దగ్గరే ఉండి పైథాన్ నేర్చుకునేవాళ్లకు పక్కన సీనియర్ ఉండరు. అందుకని మీరు ముందుగా అలవరచుకోవాల్సింది ఓపిగ్గా చదవడం.

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీనే తీసుకోండి. మైక్ బేయర్ 2006లో విడుదల చేసిన ఈ లైబ్రరీ, డేటాబేస్ టేబుళ్లను పైథాన్ క్లాసులతో ముడిపెడుతుంది. ఎర్రర్ వస్తే స్క్రీన్ నిండిపోతుంది. చాలామంది అక్కడే బెదిరి, ఎక్కడిదో కోడ్ తెచ్చి అతికిస్తారు. అసలు సంగతి అట్టడుగు లైన్లలో ఉంటుంది. చాలా ఎర్రర్లకు ఆ కిందే వివరణ లింకు కూడా ఉంటుంది.

ప్రాక్టీసుకు మన ఊళ్లనే డేటాగా పెట్టుకోండి. 2016 అక్టోబరు 11న జుక్కల్ మండలం నిజామాబాద్ జిల్లా నుంచి కొత్త కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ప్రతి ఊరి పక్కనా జిల్లా పేరు రాసుకుంటే, అలాంటి మార్పు వచ్చినప్పుడు అన్ని వరుసలూ దిద్దాలి. ఊరు, మండలం, జిల్లా వేరువేరు టేబుళ్లయితే మండలం వరుసలో జిల్లా నంబరు ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

అలా విడగొట్టాక కొత్త చిక్కు మొదలవుతుంది. మండలాల జాబితా తెచ్చి, లూపులో ఒక్కో మండలం ఊళ్లు అడిగితే, లైబ్రరీ ప్రతి మండలానికీ విడిగా క్వెరీ పంపుతుంది. సరుకుకోసారి బస్సెక్కి బాన్సువాడ వెళ్లొచ్చినట్టే! ప్రోగ్రాం నెమ్మదించిందని కంప్యూటర్‌ని తిట్టుకోకండి. ఇంజిన్ తయారుచేసే చోట ఎకోని ట్రూ చేయండి, వెళ్లే ప్రతి క్వెరీ కళ్లముందే కనబడుతుంది. తర్వాత, ఊళ్లన్నిటినీ ఒకేసారి తెచ్చే సెలెక్టిన్‌లోడ్ పెట్టి చూడండి. రెండే క్వెరీలు.

డేటాబేస్‌తో మాట్లాడే సెషన్‌ని మూసేశాక ఊళ్లు అడిగితే డిటాచ్డ్ ఇన్‌స్టెన్స్ ఎర్రర్ వస్తుంది, కావలసినవి ముందే లోడ్ చేసుకోండి. పెండింగ్ రోల్‌బ్యాక్ ఎర్రర్ వస్తే అంతకుముందే ఏదో తప్పు జరిగిందని అర్థం. రోల్‌బ్యాక్ చేయందే ఆ సెషన్ ముందుకు కదలదు. ఇక కనెక్షన్ల సంగతి. మామూలు సెట్టింగులో పూల్‌లో 5 కనెక్షన్లు, అవసరమైతే అదనంగా 10. ఆ 15 తీసుకుని వెనక్కివ్వకపోతే, తర్వాత అడిగినవాళ్లు 30 సెకన్లు ఆగి ఎర్రర్‌తో తిరిగొస్తారు. వెంటనే పూల్ సైజు పెంచేయడం నాకు నచ్చదు. మూయని సెషన్ ఎక్కడుందో వెతికి, విత్ బ్లాకులో పెట్టండి.

అప్పటికీ తెగకపోతే అడగండి. మీ ఇంగ్లిష్ తడబడినా ఫరవాలేదు. చిన్న కోడ్, పూర్తి ఎర్రర్, వెర్షన్ నంబరు ఇస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వెర్షన్ మాత్రం మరవొద్దు. 2023 జనవరిలో 2.0 వచ్చాక సెలెక్ట్‌తో రాయడమే ప్రధాన పద్ధతి అయింది, పాత వీడియోలు మాత్రం ఇంకా సెషన్ క్వెరీయే నేర్పుతున్నాయి.