మానకముందే ప్యాచ్ ఎందుకు?

సిగరెట్ మానేసిన రోజు నుంచి నికోటిన్ ప్యాచ్ వేసుకోవాలని చాలామందికి తెలుసు. ఇంకా తాగుతుండగానే వేసుకుంటే? వినగానే డబుల్ డోస్ కదా అనిపిస్తుంది. కానీ దీని వెనక ఒక లెక్క ఉంది.

సిగరెట్ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే స్పైక్. ప్యాచ్‌ది అలా కాదు, చర్మం గుండా గంటల తరబడి నిదానంగా ఎక్కుతుంది. దాదాపు డీసీ అన్నమాట. రోజంతా ఆ డీసీ నడుస్తుంటే మెదడులోని రిసెప్టర్లు మొద్దుబారతాయి, పైన స్పైక్ వచ్చినా కిక్ పెద్దగా తెలియదు.

మన్సూరాబాద్‌లో మా హాస్టల్ సందు చివర చాయ్ బండి, పక్కనే పాన్ డబ్బా. చాయ్ గ్లాసు చేతికి రాగానే రెండో చెయ్యి దానంతటదే డబ్బా వైపు పోతుంది. కాలేజీకి వంద గజాల్లోపు అమ్మొద్దని 2003 చట్టం చెప్తుంది, కానీ మనం సగం బతికేది రూముల్లో కదా! చాయ్‌కీ దమ్ముకీ ఉన్న ఆ లింకే అసలు సమస్య. ప్యాచ్ మీద ఉన్నప్పుడు చాయ్ ఉంటుంది, దమ్ము ఉంటుంది, మజా ఉండదు. కొన్ని వారాలు ఇలా సాగితే లింకు వదులవుతుందని ఆశ.

నిజంగా పనిచేస్తుందా? ఇంగ్లండ్‌లో 1,792 మంది మీద చేసిన ట్రయల్ 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగం మంది మానే తేదీకి ముందు 4 వారాలు రోజూ 21 మిల్లీగ్రాముల ప్యాచ్ వాడారు. తర్వాత అందరికీ మామూలు చికిత్సే. ఆరు నెలలకి వీళ్లలో 17.5 శాతం, మిగతావాళ్లలో 14.4 శాతం మానేసి ఉన్నారు. ఆ తేడా కాకతాళీయం కాదని తేల్చడానికి సరిపోలేదు. మెలిక ఇక్కడే ఉంది. ముందే ప్యాచ్ వాడినవాళ్లు తర్వాత వరెనిక్లిన్ అనే బలమైన మందు తక్కువగా తీసుకున్నారు. ఆ లెక్క సరిచేస్తే ప్యాచ్ లాభం బయటపడింది. స్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోయేవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2019 కొక్రేన్ సమీక్ష కూడా ముందే మొదలుపెట్టడం వైపే మొగ్గింది.

అయినా వందలో ఎనభై మందికి పైగా మానలేకపోయారు, అది మర్చిపోవద్దు.

వాడేవాళ్లకి వికారం రావచ్చు, రాత్రి ఉంచుకుంటే వింత కలలు వస్తాయి. రోజూ అతికించే చోటు మార్చాలి. డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి, గుండె జబ్బు ఉంటే మరీను. మానే తేదీ మాత్రం మొదటి ప్యాచ్ రోజే ఖాయం చేసుకోవాలి, లేకపోతే సిగరెట్ ఖర్చుకి ప్యాచ్ ఖర్చు తోడవుతుందంతే. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటమైతే 1800-11-2356 ఉంది, జాతీయ క్విట్‌లైన్. నంబర్ వెతకక్కర్లేదు, సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది.