గువ్వలచెరువు ఘాటు ఎక్కే ముందు

అల్లుడూ,

కార్బొరేటర్ ఉన్న పాత మారుతీ 800 కొన్నావనీ, మే నెలలో అందరినీ ఎక్కించుకుని నంద్యాల నుంచి రాయచోటికి వస్తున్నావనీ మా అక్క చెప్పింది. సంతోషం. ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప దాకా నీకు భయం లేదు. ఆ తర్వాత గువ్వలచెరువు ఘాటు ఉంది చూడు, ఈ ఉత్తరం దాని గురించే.

ఎక్కేటప్పుడు బండి ఆయాసపడినా ఎట్లో పైకి చేరుస్తుంది. చిక్కంతా పైన పాలకోవా కోసం ఆపినప్పుడే. ఇంజను ఆపగానే లోపల నీళ్లు తిరగడం ఆగిపోతుంది. ఆ సెగంతా పక్కనున్న పెట్రోలు పంపుకూ, కార్బొరేటర్‌కూ ఎక్కుతుంది. పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు పెట్రోలునైతే నెడుతుంది గానీ ఆవిరిని నెట్టలేదు. మెకానిక్కులు వేపర్ లాక్ అనేది దీన్నే. పైగా నీ బండిలో పంపు ముందు ఇంజను మీద, ట్యాంకు వెనక. అంత దూరం నుంచి పీల్చేసరికి పైపులో ఒత్తిడి తగ్గి పెట్రోలు ఇంకా తొందరగా మరుగుతుంది. కొత్త బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి వెనక నుంచి గట్టిగా నెడుతుంది, అందుకే అవి నడిపే నీ స్నేహితులకు ఈ బాధ తెలియదు. ఈ విషయంలో వాళ్ల సలహా వినొద్దు.

ఎత్తు వల్ల ఇట్లా అవుతుందంటారు. అదీ కొంత నిజమే గానీ, సుమారు 1,265 మీటర్ల హార్సిలీ హిల్స్ మీద కూడా నీళ్లు దాదాపు 96 డిగ్రీలకు మరుగుతాయి, తేడా అంతే. గువ్వలచెరువు అంత ఎత్తు కూడా లేదు. ఇక్కడ దోషి ఎండ, దానికి తోడు నీ ముందు పాకే లోడు లారీ. దాని వెనకే ఫస్టు గేరులో దేకితే రేడియేటర్‌కు గాలి తగలదు. కాస్త ఎడం ఉంచి రా. కడపలో తెల్లవారుజామునే బయలుదేరితే సగం బాధ పోతుంది.

పైన ఆపాలంటే ముందు నీడ చూసుకో. రెండు నిమిషాలు ఇంజను అట్లే తిరగనిచ్చి, అప్పుడు ఆపి బానెట్ ఎత్తిపెట్టు. తిరిగి స్టార్ట్ కాకపోతే సెల్ఫు కొడుతూ బ్యాటరీ తినేయొద్దు. గుడ్డ తడిపి, బాగా పిండి, పంపు మీదా పెట్రోలు పైపు మీదా వేసి గమ్మున కూర్చో. నీళ్లు గుమ్మరిస్తే కాలే లోహం పగలొచ్చు, కరెంటు వైర్లు తడుస్తాయి. రేడియేటర్ మూత జోలికి అసలు పోవద్దు. పెట్రోలు వాసన వస్తే మాత్రం అందరినీ దించి దూరంగా పంపించు, సెల్ఫు ముట్టుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో ఘాటు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం కొందరి తెలివి. ఆ ఘాటులో బ్రేకులు పట్టక పోయిన లారీల సంగతి నీకు తెలుసు. రెండో గేరులోనే దిగు.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి. బయలుదేరే ముందు వారంలోనే ఇథనాల్‌కు తట్టుకునే పైపు, కొత్త క్లిప్పులు వేయించు. ఆ పైపు సైలెన్సర్ గొట్టానికి ఆనుకోకుండా కట్టించడం మెకానిక్ చేతికి వదిలేయక, పక్కనే నిలబడి చూసుకో.

మీ మామ