పాత బండి అమ్మాలా, ఉంచాలా? మా 1993 మోడల్ 407 నేర్పిన లెక్క



ఈసారి పాఠం పంట గురించి కాదు, పంటని ఊరు దాటించే బండి గురించి. మా ఇంటి ముందు వేపచెట్టు కింద 1993 మోడల్ టాటా 407 ఉండేది. నాన్న కొత్తదే కొన్నారు. నూజివీడు వైపు నుంచి బెజవాడకి మామిడి, కూరగాయలు, బియ్యం అన్నీ అందులోనే వెళ్లేవి. అక్క పెళ్లి ఖర్చు, నా అగ్రికల్చర్ డిప్లొమా ఫీజులు ఆ బండి సంపాదించినవే. మొన్న జూన్‌లో దాన్ని అమ్మేశాం.

అమ్మడం కరెక్టా, ఉంచడం కరెక్టా అని నేను చెప్పను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను. వీడియోలో నోట్‌బుక్ చూపించాను కానీ అంకెలు త్వరగా వెళ్లిపోయాయి. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీది లారీ అయినా, ట్రాక్టర్ అయినా, ట్రాలీ ఆటో అయినా పద్ధతి ఒకటే.

ముందు రెండు అపోహలు

మొదటిది: "15 ఏళ్లు దాటితే బండిని తుక్కుకి వేసేయాల్సిందే." ఇది ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న కోర్టు ఆదేశాలు విని మనవాళ్లు అనుకునే మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వయసు ఒక్కటే చూసి బండి ఆపరు. 2021 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన తుక్కు విధానం కూడా బండి ఫిట్‌నెస్ మీద ఆధారపడిందే. సరుకు రవాణా బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకి ఈ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. అంటే పాత బండి ఉంచుకోవచ్చు, కానీ ఉంచుకునే ఖర్చు ఏటా పెరుగుతుంది.

రెండోది: "ఇంకొన్నాళ్లు ఉంచితే వింటేజ్ అవుతుంది, లక్షలు పలుకుతుంది." 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ 50 ఏళ్లు దాటిన టూ వీలర్లకి, సొంత వాడకం కార్లకి మాత్రమే. వాటికి నంబర్‌లో 'వీఏ' అనే అక్షరాలు ఇస్తారు. ఆ బండ్లని రోజువారీ పనికి గానీ, వ్యాపారానికి గానీ తిప్పకూడదు. సరుకు లారీలు ఆ లిస్టులోనే లేవు. కాబట్టి 407ని వింటేజ్ ఆశతో చెట్టు కింద పెట్టుకోవద్దు.

లెక్క 1: ఏడాది ఖర్చు

మనం యూరియా బస్తా మానేశాం, పురుగుమందు డబ్బా మానేశాం. బయట నుంచి కొనేది తగ్గించడమే ప్రకృతి వ్యవసాయంలో సగం లాభం అని అందరికీ చెబుతున్నాం. కానీ బండికి పోసే డీజిల్, మార్చే స్పేర్ పార్టులు ఏ లెక్కలో రాస్తున్నాం? నేనైతే మూడేళ్లు అసలు రాయలేదు. "సొంత బండే కదా, ఖర్చేముంది" అనుకున్నాను. అదే నా మొదటి తప్పు.

పోయిన ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా ప్రతి బిల్లూ దాచాను. మా ఏడాది లెక్క ఇది:

ట్రిప్పులు: 40. ఒక్కోటి రానుపోను, డెలివరీలతో కలిపి 100 కిలోమీటర్లు.
డీజిల్: లీటరుకి 8 కిలోమీటర్ల చొప్పున 500 లీటర్లు, 97 రూపాయల లెక్కన 48,500.
డ్రైవర్ బత్తా: ట్రిప్పుకి 600 చొప్పున 24,000.
ఇన్సూరెన్స్, టాక్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు: 36,000.
రిపేర్లు: క్లచ్ ప్లేటు, కమాన్ కట్టలు, బ్యాటరీ, రెండు టైర్లు, రేడియేటర్ అన్నీ కలిపి 62,000.
మొత్తం: 1,70,500.

అంటే ట్రిప్పుకి 4,260 రూపాయల పైనే పడింది. అదే దూరానికి, అదే లోడుకి మా దగ్గర అద్దె బండి 3,500కి వస్తుంది. 40 ట్రిప్పులకి 1,40,000. సొంత బండి తిప్పినందుకు 30,500 ఎక్కువ పెట్టాను.

లెక్క 2: ఎన్ని ట్రిప్పులు తిరిగితే బండి గిట్టుబాటు?

ఇది అసలు లెక్క. ఖర్చుని రెండుగా విడదీయండి. బండి కదిలితేనే అయ్యేది ఒకటి, కదలకపోయినా అయ్యేది ఇంకొకటి.

కదిలితే అయ్యేది: డీజిల్, బత్తా. మాకు ట్రిప్పుకి సుమారు 1,810.
కదలకపోయినా అయ్యేది: కాగితాలు, రిపేర్లు. మాకు 98,000. (రిపేర్లలో కొంత తిరిగితేనే వస్తుంది. కానీ పాత బండి ఊరికే ఉన్నా బ్యాటరీ చస్తుంది, రబ్బర్లు ఎండిపోతాయి. అందుకే ఇటు వేశాను.)

సొంత బండి మీద వెళ్లిన ప్రతి ట్రిప్పుకీ మిగిలేది 3,500లో 1,810 తీసేస్తే 1,690. ఇప్పుడు 98,000ని 1,690తో భాగించండి. 58 వస్తుంది. అంటే ఏడాదికి 58 ట్రిప్పులు తిరిగితేనే మా బండి అద్దె బండితో సమానం. మేం తిరిగింది 40.

ఈ ఒక్క అంకె తెలిస్తే ఇంట్లో సగం వాదన తగ్గుతుంది. మీ అంకె మీరే వేసుకోండి. ఏడాదికి 120 ట్రిప్పులు తిరిగే రైతుకి ఇదే పాత బండి బంగారం.

బండి ఆరోగ్యం చూడటం

లెక్క తర్వాత బండిని ఆటోనగర్‌లో పాత మేస్త్రీకి చూపించాను. ఆయన చూసిన పద్ధతి మీకూ పనికొస్తుంది.

చాసిస్: ముందు చూడాల్సింది ఇదే. ఇంజన్ మార్చుకోవచ్చు, చాసిస్ మార్చలేం. కమాన్ కట్టలు బిగించే చోట పగుళ్లు, పాత వెల్డింగులు ఉన్నాయా చూడాలి. మాదానికి ఒక చోట వెల్డింగ్ ఉంది.

ఇంజన్: బండి స్టార్ట్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయాలి. అక్కడ నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడితే పిస్టన్ రింగులు, బోరు అరిగినట్టు.

పొగ రంగు: నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్, నాజిల్స్, పంపు చూపించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నాజిల్స్ గానీ, లోపలికి నీళ్లు దిగడం గానీ అనుమానించాలి.

బ్రేకులు, స్టీరింగ్: ఇందులో బేరం లేదు. స్టీరింగ్‌లో ఆట ఎక్కువైతే ఆ రోజే బండి ఆపేయండి.

పాత 407కి ఒక గొప్పతనం ఉంది. సెన్సార్లు, కంప్యూటర్లు లేవు, ఊళ్లో మెకానిక్ కూడా బాగుచేస్తాడు. కానీ మన దేశమంతా కొత్త బండ్లకి పొల్యూషన్ ప్రమాణాలు పెట్టడం 1990ల్లో మొదలై, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 దాకా వచ్చింది. బీఎస్ ప్రమాణాలకి ముందు తరం ఇంజన్ ఇది. విషం లేని తిండి అని బోర్డు పెట్టి, పొగ కక్కే బండిలో డెలివరీ ఇస్తుంటే నాకే ఇబ్బందిగా ఉండేది.

మేస్త్రీ తేల్చింది: ఇంజన్ పని 85,000 అవుతుంది. బండిని ఉన్నది ఉన్నట్టు అమ్మితే 1,30,000 దాకా వస్తుంది. 85,000 పెట్టినా ట్రిప్పులు పెరగవు, చాసిస్ కొత్తది కాదు.

ట్రిప్పులు పెంచలేమా?

అమ్మే ముందు ఇది తప్పకుండా ఆలోచించండి. మా చుట్టూ ప్రకృతి వ్యవసాయం చేసే మరో నలుగురు రైతులు ఉన్నారు. అందరి సరుకూ కలిపితే ఏడాదికి ఇంకో 20 ట్రిప్పులు వస్తాయి. అప్పుడు మొత్తం 60, లెక్క సరిపోతుంది. నేను సంబరపడి వాళ్లని పిలిచి కూర్చోబెట్టాను.

ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అంతా బానే ఉంది. దారిలో నీ బండి ఆగితే నా వంకాయల సంగతేంటి?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే అంతకుముందు మేలోనే ఆగిరిపల్లి దగ్గర క్లచ్ పోయి, ఆరు గంటలు ఎండలో బండి నిలబడింది. గడ్డిలో మాగబెట్టిన రసాలు, కార్బైడ్ వాసన తగలనివి, పెట్టెల్లోనే మెత్తబడిపోయాయి. 22,000 సరుకు పోయింది. రెండు షాపులవాళ్లు మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు. పైన వేసిన 1,70,500లో ఈ నష్టం లేదు. కాబట్టి లెక్కలో మూడో గీత కూడా గీయండి: బండి ఆగిన రోజుల్లో పోయిన సరుకు, పోయిన గిరాకీ.

నాన్న అడిగిన ప్రశ్న

అంకెలన్నీ రాసి నాన్నకి చూపించాను. నోట్‌బుక్ మొత్తం నిదానంగా చదివారు. చివరికి ఒకటే అన్నారు: "ఒరేయ్, డీజిల్ రాశావు, టైర్లు రాశావు. మరి నీ చదువు ఏ పేజీలో రాశావు?"

నేనేం మాట్లాడలేకపోయాను. వారం రోజులు ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు.

తర్వాత అమ్మ చెప్పింది: "ఆయనకి బండి మీద కన్నా, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మార్కెట్‌కి వెళ్లడం మీద ప్రాణం. బండి పోతే ఆ పని కూడా పోతుందని భయం." నాకు అప్పటిదాకా ఇది తట్టనేలేదు. బండి ఉంచాలా అమ్మాలా అని మేం వాదించుకుంటున్నాం. ఆయన మాత్రం 'ఇక నాతో పనుందా లేదా' అని అడుగుతున్నారు.

అప్పుడు మాట మార్చాను. "నాన్నా, బండి అద్దెదైనా సరుకుతో వెళ్లేది నువ్వే. షాపులతో బేరం, డబ్బు వసూలు నువ్వే చూడాలి. నాకు ఆ పని చేతకాదు" అన్నాను. అది బుజ్జగింపు కాదు, నిజమే. పాత షాపులవాళ్లు నా ఫోన్ ఎత్తకపోయినా నాన్న గొంతు వింటే ఎత్తుతారు. ఆయన రెండు రోజులు ఆలోచించి, "సరే, కానీ కాగితాలు సక్రమంగా అయ్యాకే తాళం ఇవ్వాలి" అన్నారు.

అందుకే నా సలహా: నోట్‌బుక్‌లో రెండో పేజీ పెట్టండి. బండి పోతే ఇంట్లో ఎవరికి ఏం పోతుందో అక్కడ రాయండి. మొదటి పేజీ డబ్బుది, రెండోది మనుషులది. రెండూ కలిపేస్తే ఏదీ తేలదు. రెండో పేజీలో ఉన్న వాటికి చాలాసార్లు బండి లేకుండానే దారి దొరుకుతుంది.

అమ్మేటప్పుడు కాగితాలు

నాన్న ఆ మాట ఎందుకన్నారంటే, మా బాబాయి ఒకసారి లారీని తెల్లకాగితం మీద సంతకంతో అమ్మేశాడు. కొన్నవాడు పేరు మార్చుకోలేదు. ఆ తర్వాత యాక్సిడెంట్ అయితే నోటీసు బాబాయి ఇంటికి వచ్చింది. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వారే ఓనర్, పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అందుకే ఇవి మర్చిపోవద్దు:
1. ఫారం 29, ఫారం 30 ఇద్దరి సంతకాలతో పూర్తిచేయాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినట్టు 14 రోజుల్లోపు తెలియజేయాలి.
2. పక్క రాష్ట్రం వాళ్లకి అమ్మితే ఫారం 28తో ఎన్ఓసీ తీసుకోవాలి.
3. పాత ఫైనాన్స్ తీరిపోయినా ఆర్సీలో అలాగే ఉండిపోతుంది. ఫారం 35తో తీయించాలి.
4. కొత్త ఆర్సీ కొన్నవాళ్ల పేరుతో వచ్చిందని కంటితో చూశాకే పని అయిపోయినట్టు.

బండి ఫిట్‌నెస్‌కి నిలవదనుకుంటే వేరేవాళ్లకి అంటగట్టొద్దు. పాత ఇనుము కొట్టుకీ ఇవ్వొద్దు. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానితో ఆర్సీ రద్దు చేయించుకోవచ్చు, కొత్త బండి కొంటే టాక్సులో రాయితీ అడగొచ్చు.

మా బండి ఫిట్‌నెస్ పాసై ఉంది కాబట్టి పక్క మండలంలో ఇటుకల వ్యాపారం చేసే ఆయనకి 1,35,000కి ఇచ్చాం. చాసిస్ వెల్డింగ్ సంగతి ముందే చూపించాం. ఆయనకి దగ్గర దూరాలు, రోజూ ట్రిప్పులు, సొంత మెకానిక్. మాకు గిట్టని బండి ఆయనకి గిట్టుతుంది.

ఆ డబ్బుతో కొత్త బండి కొనలేదు. ఒక ఏడాది అద్దె బండితో నడిపి, మళ్లీ ఇదే లెక్క వేసి చూస్తాం. నాన్న ఇప్పుడూ నాలుగింటికే లేస్తున్నారు. అద్దె బండి ఐదు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్‌కి ఆయన దగ్గర పాఠం తప్పదు.

ఈ వారం మీరు చేయాల్సిన పని ఒకటే. మీ బండి ఏడాది బిల్లులు ఒక కవర్‌లో వేయండి, ట్రిప్పులు లెక్కపెట్టండి, మీ '58' ఎంతో కనుక్కోండి. అమ్మడమా ఉంచడమా అన్నది ఆ తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.